ఆకురాయి తగలని బిరడా

సైకిలు ఎవరిదో రాందాసుకు యాదికి లేదు. పొద్దున గాలి కొట్టి తన పంక్చరు అంగడి గోడకు ఆనించాడు, అంతవరకే తెలుసు. ఇప్పుడు దాని మీదే బాన్సువాడ చౌరస్తా దాటి పిట్లం రోడ్డెక్కి తొక్కుతున్నాడు, భుజానికి సామాన్ల సంచి, హ్యాండిలుకు పంపు, చెవుల్లో లింగవ్వ మాట. అంగడి పక్కన చాయ కాచే లింగవ్వ. ఆంధ్రా క్యాంపు రైతు హరనాథబాబు ట్రాక్టరు వెనక ట్రాలీని గడగడలాడించుకుంటూ మలుపు తిరిగి ఇంకా పొగ కూడా చెదరకముందే, గ్లాసులు కడుక్కుంటూ, ఈగను తోలినంత తేలిగ్గా అనేసింది. “నీ పెండ్లాం హీరాబాయి గూడ గా ట్రాలీలనే పోతది బిడ్డా, కోతకు. తండా మలుపు కాడ ఎక్కుతది. నాకు చెప్పింది, నీకు చెప్పొద్దన్నది. తిట్టకు దాన్ని. ఇంట్ల గింజ లేకుంటె ఆడది మట్టి వండుతదా?” అతను తిట్టలేదు. చేతిలో ఉన్న ఆకురాయి వంక చూశాడు. పొద్దున్నుంచి దానికి రబ్బరు పొడి అంటలేదు. ఆ సంగతి తనకూ ఆ ఆకురాయికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ట్రాలీ ఎడమ చక్రం టైరుకు బొటనవేలు దూరేంత బొక్క. గుంటక పన్ను ఏదో దిగి ఉంటుంది. ట్యూబుకు అతుకు వేసినంత మాత్రాన ఆగేది కాదు. టైరు బొక్కను అట్లే విడిచిపెడితే ట్యూబు అందులోంచి కప్ప గొంతులా బయటికి ఉబ్బుతుంది, ఒక్క కంకరరాయి తగిలితే చాలు. అందుకే బిరడా. పాత టైరు కోసి రబ్బరు ముక్కను బొక్కకు సరిపోను చెక్కాలి, ముక్కనూ బొక్కనూ ఆకురాయితో గరుకెక్కేదాకా గీకాలి, రెంటికీ సొల్యూషన్ పూసి వేలికి జిగురు తగిలేదాకా ఆరనివ్వాలి, అప్పుడు కొక్కెంతో లోపలినుంచి లాగితే బిరడా టైరూ ఒక్క తోలయిపోతాయి. ఈ పొద్దు రాందాసు గీకలేదు, పూయలేదు. నున్నటి ముక్కను ఉమ్మితో తడిపి నెట్టాడు. పైన మాత్రం సొల్యూషన్ నాలుగు చుక్కలు రుద్ది మెరిపించాడు. హరనాథబాబు లింగవ్వ బల్ల మీద కూచుని చాయ ఊదుకుంటూ “తొందరేం లేదు రాందాసూ, గట్టిగా వెయ్యి, కాలవగట్టు మీద పోవాలి” అన్నాడు. విన్నాడు. చెవులున్నాయి గదా, విన్నాడు. కాలువగట్టు అన్న మాట విని కూడా, చెయ్యి ఆగకుండా, “గట్టిగనే వెడుతున్న బాబూ” అన్నాడు. ఆ గొంతు ఎంత మెత్తగా వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే తన గొంతును తనే పట్టుకుని పిసకాలనిపిస్తోంది.

పని చెయ్యనంటే కేసైతది, అని ముందే అన్నాడు సమ్మన్న. వకీలు దగ్గర రాతకోతలు చేసే సమ్మన్న, ఉద్యమానికి ఈ ఊళ్లో పెద్ద తలకాయ, ఇస్త్రీ అంగీ నలగకుండా మాట్లాడే మనిషి. ప్రత్యేక రాష్ట్రం ఇస్తారా చస్తారా అని బళ్లు బందయి, బస్సులు బందయి, ఊళ్లో గోడ అన్నది కనబడకుండా రాతలు నిండిన ఎండాకాలం ఇది. కాలువ కింద గడ్డలు కొనుక్కుని వచ్చి పడ్డ ఆంధ్రా క్యాంపులకు కూలికి పోవద్దు, వాళ్ల వరి వాళ్ల గడ్డనే ఎండిపోనీ అని దండోరా వేసింది రాందాసే, తండాలో నులకమంచం ఎక్కి నిలబడి వేశాడు. దండోరా వేసినవాడి అంగట్లోకి క్యాంపు ట్రాక్టరు వస్తే ఏం చెయ్యాలి మరి. “పని చెయ్యి రాందాసూ, గని చెయ్యనట్టు చెయ్యి,” అన్నాడు సమ్మన్న, పన్ను పుల్లతో గీక్కుంటూ. “నడిమిట్ల ఆగిపోవాలె. ఒక్కసారి ఆగిందంటె ఇగ ఆ దినం కోత బందే.” అప్పుడు ఎంత బాగుంది ఆ మాట. రాందాసు నవ్వాడు కూడా. ఆగిపోవాలె అనుకున్నారే గాని ఎక్కడ ఆగాలో ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. బొక్కకు ఏం తెలుసు, ఇది రోడ్డు, ఇది గట్టు అని. ట్రాలీలో ఎవడుంటాడు, హరనాథబాబు ట్రాక్టరు మీద కూచుంటాడు, ట్రాలీలో కూచునేది ఎవరు, ఆయన బంధువులా, ఆయన మామగారా. ఇంత చిన్న లెక్క రాక నువ్వు పెద్ద నాయకునివా థూ.

తొక్కు. గొలుసు వదులు, రెండు తొక్కులకోసారి పన్ను దాటుతోంది, దాటినప్పుడల్లా మోకాలు చిప్ప హ్యాండిలుకు కొట్టుకుంటోంది, కొట్టుకోనీ. ఏప్రిల్ పొద్దు, ఎనిమిది కాకముందే తారు మెత్తబడుతోంది. కుడిపక్క క్యాంపు వాళ్ల వరి, పండి తలలు వంచుకున్న వరి, ఎడమపక్క మనోళ్ల చెలకలు, జొన్న మోడులు. ఈ వరి కింద ఉన్న గడ్డలో రాందాసు తండ్రిది కూడా ఒక తునక ఉంది. ఒక జత ఎడ్ల కోసం ఇచ్చేశాడు, ఎడ్లు రోగమొచ్చి పోయాయి, గడ్డ మాత్రం ఏడాదికి రెండు పంటలు కాస్తూ అక్కడే పడి ఉంది. కోపం ఉట్టిది కాదు. ఎవడన్నా వచ్చి కోపం ఉట్టిదంటే పళ్లు రాలగొడతాడు. కోపం నిజమే, కాని నిజమైన కోపంతో ఉమ్మి పూసి ఆడోళ్లను కాలువగట్టు ఎక్కించావు గదరా, దానికేం చెబుతావు. వాళ్లు ఎక్కుతారని తెలియదు అంటావా. మరి ట్రాలీ ఎందుకు పోతున్నదనుకున్నావు పొద్దున్నే కాలువ మీదికి, గాలి తినడానికా. కోతకని తెలుసు. కోతకు మనుషులు కావాలని తెలుసు. బాన్సువాడ నుంచి ఒక్కడు పోడని నువ్వే చెప్పుకున్నావు. అయితే ఇంకెక్కడ మిగిలారు మనుషులు. తండాలోనే గదా. నీ నులకమంచం చుట్టూ నిలబడి ఊ కొట్టినవాళ్లే గదా.

మద్నూరులో పని నేర్చుకునేటప్పుడు చూశాడు టైరు పగలడం. పత్తి లారీ, బార్డరు దాటి వచ్చింది, పత్తి బోరాల మీద కూలోళ్లు పడుకుని ఉన్నారు, మరాఠీ పాట ఏదో పాడుకుంటున్నారు. తుపాకి పేలినట్టు ఒక్క చప్పుడు, పాట తెగింది, లారీ పక్కకు ఒరిగి బోరాలు బోరాలుగా మనుషులు రాలారు. ఆ చప్పుడు కంటే ఆ తరవాతి సద్దు లేకపోవడమే చెవుల్లో ఉండిపోయింది. ఇప్పుడు కూడా అదే వింటున్నాడు. ముందు ట్రాక్టరు చప్పుడు వినబడాలి, ఈపాటికి వినబడాలి, గాలి ఇటే వీస్తోంది. వినబడ్డంలేదు. దూరం పోయి ఉంటుంది. దూరం పోతే మంచిదా, ఆగితే మంచిదా. దూరం పోతే గట్టు వస్తుంది. ఆగితే, ఎక్కడ ఆగింది.

నాలుగు రోజులుగా రాత్రి అన్నం ఉంది. జొన్న గంజి కాదు, అన్నం, కొత్త బియ్యం, జిగటగా, వాసనగా. అంతకు ముందు వారం అంబలి కూడా పలచబడింది, అంగట్లో పని లేదు, క్యాంపు బండ్లు రావు, వచ్చినా ముట్టొద్దు, ముట్టొద్దన్నది తనే. మరి అన్నం ఎక్కడిది. గిన్నె ముందర పెట్టినప్పుడు హీరాబాయి అతని మొహం వంక చూసింది, అడుగుతాడేమోనని. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ రాందాసు పక్కకు చూశాడు. అడిగితే చెప్పేది. చెబుతుందనే అడగలేదు. తినేసి, మూతి తుడుచుకుని, చెయ్యి కడుక్కుని, ఆ కడుక్కున్న చేత్తోనే చావడి దగ్గరికి పోయి పిడికిలి ఎత్తి మాట్లాడాడు, క్యాంపు కూలి మన రక్తం కూలి అని. సమ్మన్న చప్పట్లు కొట్టాడు. కడుపులో క్యాంపు బియ్యం, నోట్లో బందు మాట, అబ్బ, ఏం మనిషివిరా. వెనక నిలబడ్డ ఆడవాళ్లు ఆ రాత్రి ఎందుకు ఒక్కరు కూడా మాట్లాడలేదో ఇప్పుడు తెలుస్తోంది. వాళ్లందరి గిన్నెల్లోనూ అవే గింజలు. వాళ్లకు తెలుసు, ఇతగాడి గిన్నెలో కూడా అవేనని. తెలిసీ తలలు వంచుకుని విన్నారు, పాపం మొగోడు ఆవేశంగా ఉన్నాడు, మాట్లాడుకోనీ అని.

అంగట్లో హీరాబాయి ఉన్న రోజుల్లో ఆకురాయి ఆమెదే. పెళ్లయిన కొత్తలో ఊరికే పక్కన కూచునేది, తరవాత చేతిలోంచి గుంజుకుంది, నువ్వు గోకినట్టు గీకుతవు, ఇటు తే అని. మోచేతి దాకా గాజులు, గీకినప్పుడల్లా గలగల. ఆ గలగల ఆగిందంటే ముక్క గరుకెక్కిందన్న మాట, చూడనక్కర్లేదు. ఉద్యమం కమిటీ మొగవాళ్లు అంగట్లో చేరినప్పటినుంచి రావడం మానేసింది. రావద్దని అతను అనలేదు. వాళ్లు చేరి కూచుంటే ఆమె కూచునే గోనెపట్టా మీద సమ్మన్న కూచున్నాడు, లేవమని కూడా అనలేదు. ఆమె ఈ పొద్దు ఆ గోనెపట్టా మీద ఉండి ఉంటే ఉమ్మి బిరడా పడనిచ్చేదా. పడనిచ్చేది కాదు. అందుకేనేమో లేవమనలేదు. ఛీ, ఇది కూడానా, ఇది కూడా అప్పుడే అనుకున్నావా. లేదు, ఇది ఇప్పుడు కలుపుతున్నావు, కలపకు, ఉన్నది చాలు.

తండా మలుపు. చింత నీడలో ఎవరూ లేరు. మట్టిలో ట్రాలీ చక్రాల అచ్చు, చుట్టూ కాళ్ల అచ్చులు, బొచ్చెడు కాళ్లు. మేకల్ని తోలుకుంటూ సోనాబాయి అడ్డమొచ్చింది, ముసలామె, వరసకు పెద్దమ్మ. “ట్రాలీ పోయిందా అవ్వా?” అని అరిచాడు దిగకుండానే. “పోయె. సగం తండా పోయె,” అన్నదామె, కర్ర చంకలో పెట్టుకుని తాపీగా, “ఏంది, నువ్వు గూడ కోతకేనా? వద్దన్నోనివి నువ్వే గద బిడ్డా. నడువు నడువు, జర తొందరగ నడువు, మంచి మునుం ఆల్లే వట్టుకుంటరు.” వెనక నవ్వు వినబడింది. నవ్వనీ. నవ్విందంటే ఇంకా ఏ చెడ్డ కబురూ రాలేదన్న మాట. చెడ్డ కబురు కాళ్లతో నడిచి రావాలి, గట్టు నుంచి ఇక్కడికి నడవడానికి ఎంతసేపు, పరిగెత్తి వస్తే ఎంతసేపు. ఎదురుగా ఎవరైనా పరిగెత్తుకుంటూ వస్తున్నారా అని చూస్తూ తొక్కాడు, కళ్లల్లో చెమట దిగి రోడ్డు రెండుగా కనబడింది, రెండు రోడ్ల మీదా ఎవరూ లేరు.

గట్టెక్కాక చూశాడు. ముందు ట్రాక్టరు ముక్కు కనబడింది, తిన్నగా ఉంది. దాని వెనక ట్రాలీ ఎడమకు వాలి ఉంది. ఎడమ అంటే కాలువ. చక్రం గట్టు అంచు దాటి సగం గాలిలో ఉంది, ట్రాక్టరుకు తగిలించిన కొండి పట్టుకుని ఆపింది, లేకుంటే మొత్తం నీళ్లలోనే. కింద నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి, ఎర్రగా, నిండుగా. మనుషులు. లెక్కపెట్టబోయాడు, లెక్క రాలేదు, ఎర్ర పేట్య లంగాలూ అద్దాల రైకలూ అన్నీ ఒక్కటిగా అల్లుకుపోయాయి. హీరాబాయి ఏది. హీరాబాయి ఏది. గట్టు లోపలివైపు వాలు మీద కూచుని ఉంది. మోచెయ్యి తోలు లేచి గాజులు నాలుగు పగిలి ఉన్నాయి, ఒళ్లో ముసలి పోసవ్వ కాలు పెట్టుకుని చీలమండకు తడిగుడ్డ చుడుతోంది. బతికే ఉంది. సైకిలు ఎటు పడేశాడో తెలియదు.

ఇగ అప్పుడు మొదలైంది అసలు శిక్ష. అందరూ లేచారు, అతన్ని చూసి మొహాలు విప్పారాయి. “గా సూడుండ్రి, మనోడే వచ్చిండు, పంపు గూడ తెచ్చిండు.” “కబురు పంపలే, పిలువలే, ఎట్ల తెలిసెరా నీకు?” తండా పెద్ద భిక్యా వచ్చి వీపు మీద చరిచాడు. హరనాథబాబు తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ, మొహం పాలిపోయి ఉంది ఆయనకు కూడా, “బందులూ గిందులూ ఎన్నన్నా ఉండనీ, మనిషంటే నువ్వయ్యా రాందాసూ,” అన్నాడు, “ఎవరు వస్తారీ రోజుల్లో మా బండి వెనకాల పడి.” ఒక పిల్ల చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాడు. తాగకుండా ఎట్లా, గొంతు ఎండిపోయింది. తాగుతుంటే అందరూ మెచ్చుకోలుగా చూస్తున్నారు, ఎండన పడి వచ్చాడు పాపం అని. దెబ్బలు తిన్నవాళ్లు. హీరాబాయి మాత్రం లేవలేదు. పోసవ్వ కాలికి ముడి వేస్తూ ఒక్కసారి అతని సంచీ వంక చూసింది.

మగవాళ్లంతా కలిసి ట్రాలీని గట్టు మీదికి గుంజారు, జాకీ పెట్టారు, చక్రం ఊడదీశారు. టైరు విప్పుతుంటే ఎప్పటిలా హీరాబాయి వచ్చి ఎదురుగా కూచుంది, ఎవరూ పిలవలేదు, అలవాటున వచ్చింది. ట్యూబు చీలి ఉంది. బిరడా లేదు, ఎక్కడో రోడ్డు మీదే రాలిపోయి ఉంటుంది. ఆమె బొటనవేలు బొక్కలో పెట్టి చుట్టూ తిప్పింది. తీసి చూసుకుంది. వేలికి నలుపు లేదు, జిగురు లేదు. నున్నగా ఉంది లోపల, పుట్టినప్పుడు ఎట్లుందో అట్లే. ఆమెకు చెప్పాల్సిన పని లేదు. తమ తండా భాషలో, గొంతు లేపకుండా అడిగింది. “ఆకురాయి మర్శినవా?”

దారి ఇచ్చింది. అంతమంది ముందు అతనికో దారి తీసి పెట్టింది. అవును, మర్శిన, తొందరల మర్శిన అంటే అయిపోయేది, ఆమె నమ్మేది కాదు, కాని నమ్మినట్టు కూచునేది, నాలుగు రాత్రులు అతను అన్నం వంక చూడనట్టు తినలేదా, అట్లాగే. రాందాసు నోరు తెరిచాడు, మర్శిన అనే మాట నాలిక చివరకు వచ్చింది కూడా.

“లేదు,” అన్నాడు. “మర్వలే.”

చుట్టూ ఉన్నవాళ్లందరికీ అర్థమైంది, హరనాథబాబుకు తప్ప. నీళ్లిచ్చిన పిల్ల చెంబు తీసుకుని వెనక్కి జరిగింది. హరనాథబాబు ఒకరి మొహం తరవాత ఒకరి మొహం చూశాడు. “ఏమంటోంది ఆమె?” కాలువ అవతల కొంగలు లేచాయి. చివరకు భిక్యా గొంతు సవరించుకున్నాడు. “ఏం లేదు బాబు. టైరు పాతదయిందంటున్నది.”

ఆ ముసలివాడి మోకాలి మీద నెత్తురు ఇంకా ఆరలేదు. పోసవ్వ కాలు కుండలా వాచి ఉంది. పడినవాళ్లు పడేసినవాణ్ణి దాచుకుంటున్నారు, మనోడు గదా అని. తిట్టినా బాగుండేది, చెప్పు తీసి కొట్టినా తట్టుకునేవాడు. రాందాసు లేచి నిలబడ్డాడు, తెలుగులో చెప్పాడు. “టైరు పాతది గాదు బాబూ. బిరడా నేనే దొంగగ వెట్టిన. గీకలే. మందు వుయ్యలే. బండి ఆగాలని వెట్టిన.”

హరనాథబాబు ఒక అడుగు ముందుకు వేశాడు. కొడతాడనుకున్నారు. ఆయన చుట్టూ ఉన్న మనుషుల్ని చూశాడు, అందరూ రాందాసు మనుషులే, చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. భయపడ్డాడు. అది రాందాసుకు కావలసిన భయమే, నెల రోజులుగా ఆయన కళ్లల్లో చూడాలనుకున్న భయమే. తీరా కళ్ల ముందుకు వస్తే దాన్నేం చేసుకోవాలో తెలియలేదు. “పని ముగించు,” అన్నాడు హరనాథబాబు, ట్రాక్టరు నీడలోకి పోయాడు.

గీకాడు. వేళ్లు మండేదాకా గీకాడు. హీరాబాయి చెయ్యి చాచలేదు, ఇటు తే అనలేదు. సొల్యూషన్ పూసి ఆరడానికి పెట్టాడు. బిరడా లాగాడు, ట్యూబుకు అతుకు వేశాడు, చక్రం ఎక్కించాడు, పంపు పట్టాడు. ఎప్పుడైనా తండా వాళ్లు పంపుకు పోటీ పడతారు, నేనంటే నేనని. ఈ పొద్దు ఎవరూ రాలేదు. ఒక్కడే కొట్టాడు, ట్రాలీ టైరుకు చేతి పంపుతో, రొమ్ములో మంట లేచేదాకా. “ఇగ ఎక్కుండ్రి,” అన్నాడు, “గట్టిగనే ఉన్నది.” హరనాథబాబు ట్రాక్టరు ఎక్కుతూ వెనక్కి తిరగకుండా అన్నాడు, “పొద్దున కూడా ఇదే అన్నావు.”

ఎవరూ ఎక్కలేదు. భిక్యా కొడవలి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు, వెనక ఆడవాళ్లు. కోపంగా కాదు, మాట్లాడుకుని కాదు, వాన వస్తే మనుషులు చూరు కిందికి జరిగినంత మామూలుగా నడిచిపోయారు. పోసవ్వ ఒక్కతే నడవలేదు. హీరాబాయి ఆమెను ఎత్తి ట్రాలీలో కూచోబెట్టి, తను కూడా ఎక్కి, ఎడమ చక్రం మీది మూలకు కూచుంది. ఖాళీ ట్రాలీ మెల్లగా కదిలింది. రాందాసు సైకిలు లేపి నడిపించుకుంటూ ఆ చక్రం పక్కనే నడిచాడు, కళ్లు బిరడా మీద పెట్టి, తిరిగి తిరిగి అది పైకి వచ్చినప్పుడల్లా ఊపిరి తీసుకుంటూ.

హరనాథబాబు చేను రోడ్డుకు ఆనుకునే ఉంది, పోయే బస్సులోంచి ఎవడైనా మొహాలు గుర్తుపట్టగలిగేంత దగ్గర. అందరూ తలా ఒక చాలు మునుం పట్టి వరసలో నిలబడ్డారు. ఒక చోట ఖాళీ ఉంది, పోసవ్వది. పట్టిన మునుం కొయ్యకుంటే ఆ పూట కూలి కింద పనలు రావు, అది అందరికీ తెలిసిందే. పోసవ్వ గట్టు మీద కూచుని ఆ ఖాళీ వంకే చూస్తోంది. రాందాసు ఇంటికి పోదామా, అంగడికి పోదామా, అంగట్లో సమ్మన్న వచ్చి కూచుని ఉంటాడు, ఆగిందా అని అడుగుతాడు, అని నిలబడి ఉండగా హీరాబాయి పోసవ్వ కొడవలి తెచ్చింది. పిడి అతని వైపు తిప్పి పట్టుకుంది.

“ముసల్దాని మునుం నువ్వు వట్టు.”

పిట్లం బస్సు హారను వినబడింది, దూరం నుంచి. ఎన్నో రోజులకు బస్సు నడుస్తోంది. రాందాసు కొడవలి తీసుకుని చేలోకి దిగాడు, వంగాడు, మొదటి పిడికెడు వరి పట్టాడు. వేళ్లకు సొల్యూషన్ ఇంకా ఆరలేదు, కోసిన గడ్డి వదలడం లేదు. బస్సు దగ్గరికి వచ్చింది. అతను తల ఎత్తలేదు, మొహం దాచుకోను కూడా లేదు, పక్క మునుంలో హీరాబాయి ముందుకు పోతోంది, ఆమెను అందుకోవాలి.